స్నేహితులతో లాంగోలెన్ కాలువ మీద ఒక వారం: పడవ అద్దెకు తీసుకోవడం నుంచి అప్పగించేదాకా

బ్రిటన్ కాలువల్లో పడవ సెలవు అనుకోగానే రెండు కొలతలు మనసులో పెట్టుకోండి. ఇరుకు కాలువల్లో వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, అంటే ఆరున్నర కిలోమీటర్లు లోపే. గట్టు మీద చురుగ్గా నడిచే మనిషి మీ పడవను దాటి వెళ్లిపోతాడు. రెండోది వెడల్పు. ఈ కాలువల్లో తిరిగే ఇరుకు పడవ నారోబోట్ పొడవు 60 అడుగులున్నా వెడల్పు 7 అడుగులకు రెండు అంగుళాలు తక్కువే. ఎంత దూరం వెళ్లాలి, ఎంతమంది వెళ్లాలి, ఏ సామాను తీసుకెళ్లాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు ఈ రెండు కొలతల్లోనే ఉంది. విదేశం వెళ్తే వారంలో ఐదు నగరాలు చూసి రావాలన్న లెక్కను ఇక్కడ పక్కన పెట్టాలి. దూరం తగ్గించుకున్న బృందమే ఈ సెలవును ఆనందంగా గడుపుతుంది.

యూరప్‌లో పడవ అద్దెకు దొరికే కాలువలు చాలానే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1681లో పూర్తయిన కెనాల్ డు మిడీలో వెడల్పాటి పడవలు, ఎండ, ద్రాక్షతోటలు. ఐర్లండ్‌లో షానన్ నది, దాని సరస్సులు. మొదటిసారి వెళ్లేవారికి మాత్రం ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దులోని లాంగోలెన్ కాలువనే సూచిస్తాను. భాష ఇబ్బంది లేదు, ఈ మార్గదర్శిలో చెప్పే మార్గంలో లాకులు (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తే, దించే తలుపుల గదులు) రెండే, పైగా ప్రపంచంలోనే అరుదైన ఒక అక్విడెక్టు, అంటే కాలువను మోసే వంతెన, మీదుగా పడవను మీరే నడుపుకుంటూ వెళ్లవచ్చు. గోదావరి డెల్టాలో లాకులు చూసినవారికి, పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన పాత అక్విడెక్టు తెలిసినవారికి ఇక్కడి ఏర్పాటు కొత్తగా అనిపించదు.

ముందు మనుషులు, తర్వాత పడవ

నలుగురి నుంచి ఆరుగురు సరైన సంఖ్య. ముగ్గురైతే లాకుల దగ్గర అందరికీ చేతినిండా పనే. ఎనిమిది మందైతే ఉదయం స్నానాల గది ముందు వరుస కట్టాలి. పడవ వివరాల్లో "6 పడకలు" అని ఉంటే అందులో రెండు పడకలు తరచుగా భోజనాల బల్లను మడిచి రాత్రికి పరుచుకునేవై ఉంటాయి. వాటి మీద పడుకునేవారు అందరికంటే ఆలస్యంగా పడుకుని, అందరికంటే ముందు లేవాలి. అందుకే ఆరుగురికి ఎనిమిది పడకల పడవ, నలుగురికి ఆరు పడకల పడవ తీసుకోవడం మంచిది. అదనంగా అయ్యే సొమ్ము పెద్దది కాదు, దక్కే సుఖం పెద్దది.

డబ్బు కట్టకముందే అందరూ ఒకసారి కూర్చుని కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఎవరికి ఈత వచ్చు? మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి ఎవరికైనా ఉందా? పొద్దున్నే లేచేవారెవరు? శాకాహారులెందరు? చుక్కాని పట్టే సమయంలో మద్యం ముట్టకూడదన్న నియమానికి అందరూ ఒప్పుకుంటారా? ఇవి మొహమాటపడాల్సిన ప్రశ్నలు కావు. ఏడడుగుల వెడల్పులో వారం రోజులు కలిసి ఉండబోయేవారు గుమ్మం దాటకముందే మాట్లాడుకోవాల్సినవి. ఖర్చుల కోసం తలా ఇంత వేసి ఒక ఉమ్మడి సొమ్ము పెట్టుకోండి. డీజిల్, సరుకులు, పడవ కట్టుకునే రుసుములు అందులోంచే పోవాలి. లెక్క ఒక్కరే రాయాలి.

ఒక హెచ్చరిక. కేవలం మగవాళ్లే ఉన్న బృందాలకు, కుర్రకారుకు పడవ ఇవ్వని సంస్థలు కొన్ని ఉన్నాయి. మీ బృందం అలాంటిదైతే దాచకుండా వయసులతో సహా రాసి, ముందే అనుమతి అడగండి.

ఎప్పుడు వెళ్లాలి, ఎంత అవుతుంది

అద్దె పడవల కాలం మార్చి నుంచి అక్టోబర్ వరకు. చలికాలంలో లాకుల మరమ్మతుల కోసం కాలువలను అక్కడక్కడ మూసేస్తారు. నా ఓటు మే నెలకు, లేదా జూన్ మొదటి సగానికి. రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, గట్ల వెంట పూలు విరగబూస్తాయి, మన పిల్లల వేసవి సెలవులతోనూ కలుస్తుంది. మే చివరి వారంలో అక్కడి బడులకు చిన్న సెలవులుంటాయి, ఆ వారం వదిలేయండి. జూలై చివరి నుంచి ఆగస్టు అంతా వారికి పెద్ద సెలవులు కాబట్టి అద్దె ఎక్కువ, లాకుల దగ్గర రద్దీ ఎక్కువ.

నాలుగు నుంచి ఆరు పడకల పడవకు వారానికి కాలాన్ని బట్టి వెయ్యి పౌండ్ల నుంచి రెండు వేల పైచిలుకు వరకు అవుతుంది. పడవలు పోల్చేటప్పుడు పైకి కనిపించే అద్దెను మాత్రమే చూడకండి. డీజిల్ అద్దెలో కలిసి ఉందా, వాడినదానికి విడిగా కట్టాలా? నష్టం జరిగితే ఎంత వరకు మీది బాధ్యత? దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారా? లైఫ్ జాకెట్లు ఉచితమా? ఇవన్నీ కూడితే చవక అనుకున్న పడవ ఒక్కోసారి ఖరీదైనదిగా తేలుతుంది.

నడిపేందుకు లైసెన్సు అక్కర్లేదు. పడవ అప్పగించే ముందు సంస్థ మనిషి గంటసేపు అన్నీ చూపించి, కొంత దూరం మీతో వచ్చి నేర్పుతారు. ఆ పాఠం ఒక్కరు వింటే చాలదు, బృందమంతా వినాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో పడవ నడిపేవారి కోసం చేతిపుస్తకం, వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఇంటి దగ్గరే అందరూ చూసి రండి.

వీసా, ప్రయాణం

భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఒక్కరికీ బ్రిటన్ సందర్శక వీసా కావాలి. యూరప్ దేశాలకిచ్చే షెంజెన్ వీసా పనికిరాదు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, వేలిముద్రలు హైదరాబాద్‌లోనే ఇవ్వవచ్చు. మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది కానీ, వేసవికి ముందు రద్దీ ఉంటుంది కాబట్టి ఆఖరి నెల దాకా ఆగకండి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మిత్రుడు కలుస్తానంటే అతని చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారతీయ పాస్‌పోర్టు అయితే అక్కడి నుంచే వీసాకు దరఖాస్తు చేయాలి. అమెరికా పాస్‌పోర్టు అయితే ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి చాలు.

మంచి పడవలు నెలల ముందే అయిపోతాయి. వీసా మాత్రం ఆలస్యంగా చేతికొస్తుంది. ఈ చిక్కుకు దారి ఒకటే: వీసా రాకపోతే తేదీ మార్చుకోవడానికో, డబ్బు వెనక్కి తీసుకోవడానికో వీలిచ్చే షరతులున్న సంస్థను ఎంచుకుని, ముందుగా కొంత భాగమే కట్టడం. బృందంలో ఒకరికి వీసా రాకపోతే ఏం చేయాలో, వారి వాటా ఎవరు భరించాలో కూడా అప్పుడే అనుకోండి. తర్వాత ఆ మాట ఎత్తితే స్నేహాలకు చేటు.

హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది. గల్ఫ్ మీదుగా మాంచెస్టర్‌లో దిగితే కాలువకు ఇంకా దగ్గర. చెస్టర్ వెళ్లి, అక్కడ రైలు మారితే చిర్క్ అనే చిన్న స్టేషన్‌లో దిగవచ్చు. పడవల రేవు ఆ ఊళ్లోనే ఉంది. దిగిన రోజే పడవ ఎక్కకండి. రాత్రంతా విమానంలో నిద్రలేని మనిషి చేతికి 15 టన్నుల పడవ ఇవ్వకూడదు. ఒక రాత్రి చెస్టర్‌లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి రేవు చేరుకోండి.

దారి లెక్క

కాలువ ప్రయాణానికి పాత సూత్రం ఒకటుంది: మైళ్లు, లాకులు కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. చిర్క్ నుంచి లాంగోలెన్‌కు సుమారు 8 మైళ్లు. వెనక్కి చిర్క్‌కు వచ్చి అటువైపు ఎల్స్‌మేర్‌కు సుమారు 12 మైళ్లు, రెండు లాకులు. రానూపోనూ 40 మైళ్లు, 4 లాకులు. మొత్తం 15 గంటలు దాటదు. వారానికి ఇంత తక్కువా అనిపించవచ్చు. అయితే లాంగోలెన్ వైపు ఎదురు ప్రవాహం ఉంటుంది. డీ నది నీరు హార్స్‌షూ ఫాల్స్ అనే చిన్న ఆనకట్ట దగ్గర కాలువలోకి మళ్లి, తాగునీటి జలాశయం దాకా ఇందులోనే పారుతుంది. దానికి తోడు నీళ్లు నింపుకోవడం, లాకు దగ్గర వంతు కోసం ఆగడం, వానకు ఒక పూట కట్టుకుని కూర్చోవడం ఉంటాయి. రోజుకు మూడు, నాలుగు గంటలకు మించి నడపకూడదని ముందే అనుకుంటే ఎవరికీ విసుగు రాదు.

మొదటి సాయంత్రం ఒక సొరంగం దాటి ఫ్రాన్‌కసిల్తే అనే ఊరి దాకా వెళ్లి ఆగండి. రెండో ఉదయం, తాజా మనసుతో, పాంట్‌కసిల్తే అక్విడెక్టు. ఇంజనీర్లు థామస్ టెల్ఫోర్డ్, విలియం జెస్సప్ కట్టించిన ఈ అక్విడెక్టు 1805లో తెరుచుకుంది. పొడవు 307 మీటర్లు, డీ నది మీద ఎత్తు 38 మీటర్లు. 2009లో యునెస్కో దీన్ని, దీనితోపాటు 18 కిలోమీటర్ల కాలువను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. రాతి స్తంభాల మీద పోత ఇనుము తొట్టె, అందులో నీళ్లు, నీళ్ల మీద మీ పడవ. గట్టు బాట ఉన్న వైపు కటకటాలున్నాయి. రెండో వైపు ఏమీ లేదు. తొట్టె అంచు నీటికి కాస్త పైన ఆగిపోతుంది, ఆ తర్వాత లోయే. ఎత్తంటే భయపడేవారు పడవ దిగి గట్టు బాట మీద నడిచి రావచ్చు. చిన్నపిల్లలుంటే పడవ లోపలే కూర్చోబెట్టాలి. ఎదురుగా పడవ వస్తోందేమో చూసుకున్నాకే తొట్టెలోకి దిగాలి, ఎందుకంటే ఒకటే పడుతుంది. దాటగానే లాంగోలెన్ వైపు ఎడమకు బాగా మలుపు తీసుకోవాలి. అక్కడ తొందరపడినవారు ఎదుటి గట్టుకు కొట్టుకుంటారు.

ఆ తర్వాత కాలువ సన్నబడుతుంది. ఒక పడవే పట్టే ఇరుకు భాగాలు వస్తాయి. ఒకరు ఫోను పట్టుకుని గట్టు మీద ముందుకు నడిచి, దారి ఖాళీగా ఉందని చెప్పాకే పడవ కదలాలి. లాంగోలెన్‌లో పడవలు ఆపే వెడల్పాటి చోటైన బేసిన్‌లో రాత్రికి రుసుము చెల్లించి పడవ కట్టుకోవచ్చు. మూడో రోజు పడవను కదపకండి. దినాస్ బ్రాన్ కోట శిథిలాలకు కొండ ఎక్కండి, ఆవిరి రైలు ఎక్కండి, గట్టు వెంట మూడు కిలోమీటర్లు నడిచి హార్స్‌షూ ఫాల్స్ చూడండి. అక్కడి దాకా మోటారు పడవలకు అనుమతి లేదు, గుర్రం లాగే పడవ మాత్రం కొంత దూరం తిరుగుతుంది.

తిరుగు దారిలో 421 మీటర్ల చిర్క్ సొరంగం. లోపల ఒక పడవకే చోటు, కాబట్టి ఎదుటి దీపం కనిపిస్తే ఆగాలి. అది దాటగానే 1801 నాటి చిర్క్ అక్విడెక్టు, పక్కనే అంతకంటే ఎత్తులో రైలు వంతెన. వేల్స్ నుంచి ఇంగ్లండ్‌లోకి మీరు అడుగుపెట్టేది అక్కడే. ఎల్స్‌మేర్‌లో సరస్సు ఉంది, కాలువ చీలిక చివర టెస్కో సూపర్‌మార్కెట్ ఉంది. సరుకులు నింపుకోవడానికి మంచి చోటు.

కాలువలు రెండు వందల ఏళ్ల నాటివి. ఎక్కడైనా గండి పడవచ్చు, లాకు తలుపు చెడిపోవచ్చు. బయలుదేరే వారం ముందు ట్రస్ట్ వెబ్‌సైట్‌లో మూసివేత ప్రకటనలు తప్పక చూడండి.

చుక్కాని పట్టడం

చుక్కాని పిడిని ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. మొదటి అరగంటలో అందరూ తికమకపడతారు, తర్వాత చెయ్యే నేర్చుకుంటుంది. పడవ తిరిగేది నడుమ నుంచి, కాబట్టి ముక్కు కుడికి పోతే వెనుక భాగం ఎడమకు పోతుందని గుర్తుంచుకోండి. బ్రేకులు లేవు. ఆపాలంటే వెనక్కి గేరు వేసి ఓపిక పట్టాలి. మామూలుగా కాలువ నడుమ పోవాలి, ఎదురు పడవ వస్తే కుడికి తప్పుకోవాలి. కట్టి ఉన్న పడవల పక్కన ఇంజను దాదాపు ఆపినంత నెమ్మదిగా వెళ్లాలి. లేకపోతే మీ అలకు వాళ్ల మేకులు ఊడివస్తాయి, లోపల పొయ్యి మీదున్న గిన్నె ఒలుకుతుంది. చేపలు పట్టేవారి దగ్గరా అదే మర్యాద.

ఒడ్డు దగ్గర మట్టిలో ఇరుక్కుంటే ఇంజను పెంచి ముందుకు తోయకండి. వెనక్కి గేరు వేసి, మనుషులంతా లోతున్న వైపుకు జరిగి, గడతో నెట్టండి. పడవ గోడకో, ఇంకో పడవకో తగలబోతుంటే చేతులు, కాళ్లు అడ్డం పెట్టవద్దు. తగలనివ్వండి. ఉక్కు పడవకు గీత పడుతుంది, మధ్యలో కాలు ఉంటే ఎముక నలుగుతుంది.

లాకు దాటడం

ఎల్స్‌మేర్ వైపు వెళ్తూ న్యూ మార్టన్‌లో మీకు ఎదురయ్యే మొదటి లాకులో కిందికి దిగాలి. ఒకరు చుక్కాని దగ్గర, ఇద్దరు గట్టు మీద, నీటిని వదిలే చిన్న తలుపైన షట్టర్‌ను తిప్పి ఎత్తే చేతిపిడులైన విండ్‌లాస్‌లతో. అరవకుండా సైగలతో మాట్లాడుకోండి.

1. ఎగువ తలుపుకు ముందే పడవ ఆపి, తాడు పట్టుకుని నిలపండి. కింది నుంచి పడవ వస్తుంటే వారిని ముందు రానివ్వండి. ఒక్కసారి లాకు నిండితే లక్ష లీటర్ల పైమాటే, వృథా కానివ్వకూడదు.
2. లాకు ఖాళీగా ఉంటే దిగువ తలుపులు, షట్టర్లు మూసి ఉన్నాయని చూసి, ఎగువ షట్టర్లు ఎత్తండి. రెండు వైపులా మట్టం సమం కాగానే తలుపు దూలాన్ని వీపుతో నెడితే తెరుచుకుంటుంది. సమం కాకముందు ఎంత నెట్టినా కదలదు.
3. పడవ నెమ్మదిగా లోపలికి వచ్చి ముందు వైపుకు జరగాలి. ఎగువ తలుపు మూసి, షట్టర్లు దించండి.
4. దిగువ షట్టర్లు మొదట సగం, తర్వాత పూర్తిగా ఎత్తండి.
5. మట్టం సమమయ్యాక దిగువ తలుపులు తెరిచి బయటికి వచ్చి, అన్నీ మూసి, విండ్‌లాస్‌లు మరిచిపోకుండా పడవ ఎక్కండి.

నాలుగో మెట్టు దగ్గరే ప్రాణాపాయం. ఎగువ తలుపు కింద నీళ్లలో కాంక్రీటు గడప ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది, దాని చోటును గోడ మీద తెల్ల గీతతో గుర్తిస్తారు. పడవ వెనుక భాగం ఆ గీతకు ముందు ఉండాలి. గడప మీద వెనుక భాగం చిక్కుకుంటే నీరు తగ్గేకొద్దీ ముక్కు కిందికి వంగి, పడవ నిమిషాల్లో మునిగిపోతుంది. అలాంటిదేమైనా కనిపిస్తే దిగువ షట్టర్లు వెంటనే దించి, ఎగువవి నెమ్మదిగా ఎత్తి నీటిని మళ్లీ నింపాలి. కిందికి దిగేటప్పుడు పడవను తాడుతో కట్టేయకండి, అదీ ఇంత ప్రమాదమే. విండ్‌లాస్‌ను ఇరుసు మీద వదిలి చేయి తీయకండి. షట్టర్ జారితే అది గిర్రున తిరిగి ముఖానికి తగులుతుంది.

వంట, నీళ్లు, మరుగుదొడ్డి

గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి. ఎలక్ట్రిక్ కుక్కర్, హెయిర్ డ్రయ్యర్ లాంటివి బ్యాటరీలు తట్టుకోలేవు. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్తే పప్పు, అన్నం సులభం. పోపు వేసేటప్పుడు కిటికీలు, తలుపు తెరవండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి.

బ్రిటన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి, పచ్చి కరివేపాకు కూడా. కందిపొడి, ఆవకాయ, చింతపండు, ఎండుమిరపకాయలు తీసుకెళ్లవచ్చు. మిగతావి మాంచెస్టర్‌లోని రషోమ్ ప్రాంతపు దుకాణాల్లో కొనుక్కోండి. కాలువ పక్కన ఇడ్లీ పిండి దొరకదు.

సింకు, స్నానం నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి. వేయించిన నూనె ఒంపకుండా సీసాలో పోసి చెత్తబుట్టలో వేయండి. మరుగుదొడ్డి మాత్రం పడవలోని తొట్టెలోకి. కొన్ని పడవల్లో పెద్ద తొట్టె ఉండి రేవులో పంపుతో తోడతారు, కొన్నింట్లో చిన్న పెట్టెను మీరే మోసుకెళ్లి ఖాళీ చేయాలి. నీళ్లు వాడే మన అలవాటుకు పెద్ద తొట్టె ఉన్న పడవే తీసుకోండి. అయినా మగ్గుతో పొదుపుగా వాడాలి, తొట్టె నిండితే మళ్లీ డబ్బు కట్టి తోడించాలి. మంచినీటి ట్యాంకును రోజూ కొళాయి కనిపించిన చోట నింపుకోండి. ముప్పావు గంట పట్టవచ్చు, ఆ సమయంలోనే కాఫీ పెట్టుకోవచ్చు.

సూట్‌కేసులు వద్దు, మడిచి పెట్టగల గుడ్డ సంచులు తీసుకోండి. జారని అరికాళ్ల బూట్లు, వాన కోటు, తాళ్లు లాగడానికి చేతితొడుగులు, మే నెలలో కూడా ఒక స్వెట్టర్. కాలువ నీటిలో ఈత వద్దు. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పిరోసిస్ ముప్పు ఉంది కాబట్టి తాళ్లు పట్టుకున్న చేతులు కడిగాకే తినండి. ఆపద వస్తే 999కి ఫోను చేయాలి. ఎక్కడున్నారంటే చెప్పడానికి వంతెనల మీద అంకెలున్న పలకలు ఉంటాయి. దాటిన ప్రతి వంతెన సంఖ్యనూ చుక్కాని పట్టినవారు పైకి చదువుతూ ఉంటే అందరికీ గుర్తుంటుంది.

ప్రొపెల్లర్‌కు గుడ్డ ముక్కో, ప్లాస్టిక్ సంచో చుట్టుకుంటే పడవ వేగం పడిపోతుంది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే ప్రొపెల్లర్ పైన ఉండే అడుగు మూత తెరిచి చెయ్యి పెట్టాలి. పని అయ్యాక మూత గట్టిగా బిగించాలి, వదులుగా ఉంటే పడవలోకి నీళ్లు వస్తాయి.

అప్పగింత

చాలా సంస్థలు ఉదయం 9 గంటలకల్లా పడవ రేవులో ఉండాలంటాయి. అందుకని ఆఖరి రాత్రి చిర్క్‌కు గంట దూరంలోనే కట్టుకోండి. గిన్నెలు కడిగి, చెత్త దించి, గీతలు పడితే దాచకుండా చూపించండి. తర్వాత ఎక్కబోయేవారు మీరు చెప్పినదాని మీదే ఆధారపడతారు. విమానం అదే రోజు ఉంటే సాయంత్రం తర్వాతిదే తీసుకోండి. ఆదివారాల్లో చిర్క్ నుంచి రైళ్లు తక్కువ, కాబట్టి సమయాలు ముందే చూసుకోవాలి.